మా ఆయన వినడం నేర్చుకున్నారు

మొగుళ్లందరినీ కమ్యూనికేషన్ స్కిల్స్ ట్రైనింగుకి పంపించి తీరాలని ప్రభుత్వం ఒక చట్టం చేయాలి. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. వెళ్లనివాళ్లకి జరిమానా కూడా వేయాలి!

మా ఆయన పనిచేసేది నీళ్ల మోటార్లు అమ్మే కంపెనీలో. అక్కడ సేల్స్ హెడ్ కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీలో కూర్చోవాలంటే మోటార్ల గురించి తెలిస్తే చాలదట. మాట్లాడటం తెలియాలి, అంతకన్నా ముందు వినడం తెలియాలి. అందుకని కంపెనీ వాళ్లే ఖర్చు పెట్టుకుని ఆయన్ని శనివారం క్లాసులకి పంపారు. నేర్చుకున్నదంతా ఇంట్లో ప్రాక్టీసు చేయమన్నారు. ఇంట్లో అంటే ఎవరి మీదో వేరే చెప్పాలా?

మొదటి వారం ఫీడ్‌బ్యాక్ పాఠం. విమర్శని రెండు మెచ్చుకోళ్ల మధ్య పెట్టి అందించాలట. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన గొంతు సవరించుకుని, కూర రంగు అద్భుతంగా ఉందన్నారు. ఉప్పు విషయంలో మెరుగుపడటానికి చక్కటి అవకాశం ఉందన్నారు. గిన్నె చాలా శుభ్రంగా తోమి ఉందన్నారు. ఇన్నేళ్లలో నా గిన్నెల్ని మెచ్చుకున్నవాళ్లెవరు చెప్పండి? ఇంతకుముందైతే ‘ఉప్పెక్కడ?’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు.

తర్వాతి వారం ‘సమస్య’ అనే మాట నిషేధం. ఏదొచ్చినా ఛాలెంజ్ అనాలి. సరిగ్గా ఆ వారమే మా మేడ మీది ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు కాలిపోయింది. మోటార్ల కంపెనీ మనిషి ఇంట్లో మోటారు కాలిపోతే ఎంత నామోషీ! కానీ ఆయన చలించలేదు. మనకొక ఛాలెంజ్ ఎదురైందని ప్రకటించి ఆఫీసుకి వెళ్లిపోయారు. రెండ్రోజులు ఆ ఛాలెంజ్‌ని నేను బకెట్లతో మోశాను.

ఆ పైవారం ఐ కాంటాక్ట్. ఎదుటి మనిషి కళ్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడాలి. పాలు పోసే మనిషి రెండో రోజే గిన్నె గుమ్మంలో పెట్టి పరిగెత్తాడు. మా అత్తయ్య మాత్రం కాసేపు ఓర్చుకుని, “ఏరా, కళ్లు మండుతున్నాయా? చుక్కల మందు అలమరలో ఉంది, వేసుకో,” అన్నారు.

ఇవన్నీ ఒకెత్తు, చివర్లో చెప్పిన పాఠం ఒకెత్తు. దాని పేరు యాక్టివ్ లిజనింగ్. ఎదుటివాళ్లు చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినాలి. తల ఊపాలి. విన్నదాన్ని మన మాటల్లో మళ్లీ వాళ్లకే చెప్పి, సరిగ్గా అర్థమైందా అని అడగాలి. ఎంత గొప్ప విద్య!

ఆ విద్య మా ఇంటికొచ్చిన వారంలోనే నాకూ ఒక కబురొచ్చింది. పాప పుట్టినప్పుడు నేను వదిలేసిన లైబ్రరీ ఉద్యోగంలోకి మళ్లీ రమ్మన్నారు. శుక్రవారంలోగా ఏదో ఒక మాట చెప్పాలి. పాప ఇప్పుడు మూడో తరగతి. నేను సాయంత్రం ఆరింటిదాకా లైబ్రరీలో ఉండాలి, దాని బడి నాలుగింటికే వదిలేస్తారు. అత్తయ్య మోకాళ్లు వీధి చివరిదాకా కూడా నడవనివ్వవు. మా ఆయన ఆఫీసు మాత్రం బడి ఉన్న వీధిలోనే! నాలుగింటికి లేచి పాపని ఇంట్లో దింపి మళ్లీ వెళ్లి కూర్చోవచ్చు. దానికి వాళ్ల మేనేజర్ని ఒక్క మాట అడగాలి. అంతే.

చెప్పాను. మా ఆయన ఫోను బోర్లా పెట్టేశారు. ముందుకి వంగి కూర్చున్నారు. మొత్తం విన్నారు.

“అంటే, లైబ్రరీ వాళ్లు నిన్ను మళ్లీ రమ్మంటున్నారు. నీకు వెళ్లాలని చాలా ఉంది. శుక్రవారంలోగా చెప్పాలి. నువ్వు వెళ్లాలంటే నాలుగింటికి పాపని నేను తీసుకురావాలి. అందుకు మేనేజర్ని అడగాలి. కరెక్టుగా అర్థం చేసుకున్నానా?”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మనసులో ఉన్నది నాకే ఇంత వరసగా తెలియదు! బీరువా తీసి, లైబ్రరీకి కట్టుకెళ్లే చీరలు ఇస్త్రీకి వేశాను.

బుధవారం అడిగాను, మేనేజర్‌తో మాట్లాడారా అని. నా ఆందోళనని తాను గుర్తించానన్నారు. గురువారం మళ్లీ అడిగాను. ఈ విషయం మళ్లీ ప్రస్తావించినందుకు థాంక్స్ చెప్పారు. పక్కనే ఉన్న అత్తయ్యకి ఒళ్లు మండింది.

“అడిగావా, లేదా? ఏదో ఒకటి చెప్పి చావరా.”

“మంచి ప్రశ్న వేశావమ్మా,” అన్నారు మా ఆయన, ఆవిడ కళ్లలోకి చూస్తూ.

శుక్రవారం వచ్చింది, వెళ్లింది. సేల్స్ హెడ్ ఇంటర్వ్యూ ముందు మేనేజర్ దగ్గర ఇంటి విషయాలు ఎత్తితే ప్రొఫెషనల్‌గా ఉండదట. ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగింది, కుర్చీ ఆయనకే వచ్చింది. ఎదుటివాళ్లు చెప్పేది ఇంత శ్రద్ధగా వినే మనిషిని తామెక్కడా చూడలేదని పెద్ద సారు అందరి ముందూ అన్నారట. లైబ్రరీలోకి ఇంకొకావిడ వచ్చింది. ఆ సంగతి చెబితే మా ఆయన అదీ విన్నారు. నేను నిరాశపడ్డట్టున్నానని, తన అంచనా సరైనదేనా అని అడిగారు. నూటికి నూరుపాళ్లు సరైనదే!

ఇంత ఎదిగిన మనిషిని చూసి ఏ భార్య గర్వపడదు? నేనూ పడుతున్నాను. చిన్న చిక్కొక్కటే ఉంది.

పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన గురించి నేను అందరికీ ఒకే మాట చెప్పుకొస్తున్నాను. మా అమ్మకి చెప్పాను, పక్కింటావిడకి చెప్పాను, గిన్నెలు తోముకుంటూ నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. “మనిషి మంచివారే. ఏం చెప్పినా వినిపించుకోరు, అంతే. వినాలేగానీ, చెయ్యకుండా ఉంటారా?”

ఆ ఒక్క మాట మీదే ఇన్నాళ్లూ కాపురం నెట్టుకొచ్చాను. ఇప్పుడాయన అంతా విన్నారు. ఒక్క ముక్క పొల్లుపోకుండా విని, తిరిగి నాకే అప్పజెప్పారు.

మొన్న మా అమ్మ ఫోను చేసి, లైబ్రరీ సంగతి ఏమైందే, అల్లుడుగారు ఏమన్నారు అని అడిగింది. పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోను పెట్టేశాను.