కంట్రోల్ బడి

ఇకమీదట మన బడుల్లో దేన్నీ ఊరికే నమ్మేది లేదని, ప్రయోగంతో రుజువైతేనే నమ్ముతామని, అందుకుగాను ప్రతి బడికీ ఒక ల్యాబ్ ఇస్తున్నామని విద్యామంత్రిగారు సభలో కుడిచెయ్యెత్తి ప్రకటించారు. బడ్జెట్టు లేదని ఎడమచేతిని పీయే గిల్లుతూనే ఉన్నాడు.

సభ తన బడిలోనే కావడంతో, ప్రయోగమంటే ఏమిటో మంత్రిగారికి చూపించే భాగ్యం సైన్స్ టీచరమ్మకు దక్కింది. ఆవిడ రెండు పూలకుండీలు ముందుపెట్టి, ఒకదానికి ఎరువు వేశామని, రెండోదానికి వెయ్యలేదని, వెయ్యనిదాన్ని కంట్రోల్ అంటారని, అది లేకపోతే ఎరువు పనిచేసిందో లేదో తేలదని వివరించింది. మంత్రిగారు వంగి రెండో కుండీకేసి చాలాసేపు చూశారు.

"అంటే, ఏమీ ఇవ్వని కుండీ కూడా ముఖ్యమేనా అమ్మా?"

"అదే ముఖ్యం సార్."

ఇంత శ్రద్ధగా పాఠం విన్న విద్యార్థిని తన సర్వీసులో చూడలేదని ఆవిడ ఇంటికెళ్లి భర్తకు చెప్పుకుని మురిసిపోయింది.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ల్యాబులు పనికొస్తాయో లేదో శాస్త్రీయంగా తేల్చడానికి సగం బడులకే ఇస్తారట. తక్కినవి కంట్రోల్ బడులు. టీచరమ్మ బడి కంట్రోల్ కింద ఎంపికైంది. హెడ్మాస్టరు పొంగిపోయి, ల్యాబ్ కోసం ఖాళీ చేయించిన గదికి తాళం వేయించి, పైన 'కంట్రోల్ బడి' అని బోర్డు రాయించారు.

పదో తరగతి ప్రాక్టికల్స్ ముంచుకొస్తున్నాయి. టీచరమ్మ తన ఇంట్లోని గ్లాసులూ గిన్నెలూ సంచిలో మోసుకొచ్చి, నిమ్మరసంతో, వంటసోడాతో పాఠం నడిపింది. ఇంట్లో భర్త దోసిట్లో నీళ్లు తాగాడు. ల్యాబ్ ఉన్న బడిలో ఒక్కరోజు తన పిల్లల్ని కూర్చోబెట్టుకోనిస్తే చాలనుకుని, పక్క ఊళ్లో టీచరుగా ఉన్న అక్క దగ్గరికి వెళ్లింది. అక్కడా తాళమే. అదే బోర్డు.

"మీ బడికిచ్చారనుకున్నానే. అడుగుదామని నేనే బయల్దేరుతున్నా," అంది అక్క.

ఇద్దరూ బస్సెక్కి నేరుగా మంత్రిగారి ఆఫీసుకే వెళ్లారు. ల్యాబులు ఏయే బడులకు వచ్చాయో చెబితే చాలన్నారు. మంత్రిగారు టీచరమ్మను గుర్తుపట్టి, గురువుగారంటూ లేచి నిలబడ్డారు.

"అది చెప్పకూడదమ్మా. డబుల్ బ్లైండ్ అంటారట. ఎవరికిచ్చామో మీకూ తెలీకూడదు, మాకూ తెలీకూడదు."

శాస్త్రప్రకారం అదీ నిజమేనని ఒప్పుకుని ఆవిడ అక్కతో తిరుగు బస్సెక్కింది.

ఆ ఏడాది పిల్లలంతా ఆ గ్లాసులతోనే ప్రాక్టికల్స్ గట్టెక్కారు. ల్యాబ్ లేకుండానే పాసయ్యారు గనుక ల్యాబులు అనవసరమని రుజువైందని, ఈ ఘనతంతా టీచరమ్మదేనని మంత్రిగారు పేపర్లో ప్రకటించారు.

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున హెడ్మాస్టరు ఆవిణ్ణి అందరి ముందూ నిలబెట్టారు. ఈసారి తేల్చబోయేది టీచర్లు అవసరమా కాదా అన్న సంగతని, కంట్రోల్ కింద మళ్లీ మన బడే ఎంపికైందని చెప్పి, పిల్లలతో చప్పట్లు కొట్టించారు.

ముందు వరసలో ఓ పిల్ల చెయ్యెత్తింది.

"మరి రేపు సైన్సు ఎవరు చెబుతారండీ?"

"ప్రశ్నలడక్కూడదు," అన్నారు హెడ్మాస్టరు మెల్లిగా. "ప్రయోగం జరుగుతోంది."