హాలు మధ్య మానవుడు

“విజ్ఞానానికి ఆడా మగా తేడా లేదు. ఇకపై మన మ్యూజియానికీ ఉండదు!” అని మా డైరెక్టరుగారు సిబ్బంది సమావేశంలో ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఇన్నాళ్లూ తేడా ఉండేదన్న సంగతి అధికారికంగా తెలియడం అదే మొదలు.

నేను ఆ సైన్సు మ్యూజియంలో బోర్డులు రాస్తాను. అద్దాల పెట్టెలో ఉన్నదేమిటో కింద నాలుగు ముక్కల్లో చెప్పడం నా పని. అందరినీ కలుపుకుపోవడానికి వేసిన కమిటీలో నన్నూ వేశారు. సభ్యులమంతా మగవాళ్లమే. ఆడవాళ్లని వేస్తే ఆడవాళ్ల పక్షాన మాట్లాడతారేమోనని డైరెక్టరుగారి సందేహం.

చర్చ జోరుగా సాగింది. ఒకాయన గోడలకి గులాబీ రంగు వేద్దామన్నారు. ఇంకొకాయన ఆవిరి యంత్రం పక్కన ప్రెషర్ కుక్కర్ పెడితే మహిళలకి చప్పున అర్థమవుతుందన్నారు. ఆడా మగా అనే లెక్కలో ఇమడనివాళ్ల మాటేమిటని అడిగాను. వాళ్లకి ఏ రంగు వెయ్యాలో తేలక ఆ అంశాన్ని వాయిదా వేశారు.

చివరికి చర్చ హాలు మధ్యనున్న అస్థిపంజరం దగ్గరికొచ్చింది. అవి నిజం ఎముకలే. ఎవరివో తెలియదు. కింద ‘మానవుడు’ అని రాసి ఉంటుంది. దాన్ని ‘మనిషి’ అని మారుద్దామన్నాను.

“మానవుడంటే అందరూ వచ్చేస్తారు కదయ్యా,” అన్నారు డైరెక్టరుగారు.

ఆయనకి ఆ అస్థిపంజరమంటే ప్రాణం. అతిథులెవరొచ్చినా దాని పక్కన నిలబడి, ఆ భుజాలు చూడండి, ఆ ఠీవి చూడండి, మగతనమంటే ఇదీ అని చెబుతుంటారు. చెబుతూ చెబుతూ తన ఛాతీ కూడా కాస్త విరుచుకుంటారు.

నా మాటకి బలం చేకూరుతుందని మా వదినని తీసుకొచ్చాను. ఆవిడ ఎముకల డాక్టరు. అస్థిపంజరం చుట్టూ ఒకసారి తిరిగి, తుంటి దగ్గర వంగి చూసి, వస్తున్న నవ్వు ఆపుకుంది.

“డైరెక్టరుగారూ, ఈ తుంటి ఎముకల తీరు చూస్తే ఇది ఆడమనిషిదే అనిపిస్తోంది. బతికున్నప్పుడు తనని తాను ఏమనుకుందో మాత్రం ఎముకలు చెప్పవు. మా మరిది అన్నట్టు ‘మనిషి’ అని రాయించండి, సరిపోతుంది.”

డైరెక్టరుగారు అస్థిపంజరానికి కాస్త ఎడంగా జరిగి నిలబడ్డారు.

మర్నాటికి కోలుకున్నారు. మా మ్యూజియం మొదటినుంచీ మహిళకే పట్టం కట్టిందని పత్రికలవాళ్లకి చెప్పారు. ఆ లెక్కన మగవాళ్లకి తీరని అన్యాయం జరిగింది కాబట్టి, సమానత్వం కోసం ఒక మగ అస్థిపంజరాన్ని తెప్పించాలని తీర్మానం పెట్టారు. నేను వద్దన్నాను. అందరినీ కలుపుకుపోయే కమిటీ కనుక నా అసమ్మతిని కూడా ఏకగ్రీవంలో కలిపేసుకున్నారు.

కొత్తది ప్లాస్టిక్‌ది, తళతళా మెరుస్తూ వచ్చింది. హాలు మధ్య చోటు దానికిచ్చారు. పాతదాన్ని మెట్ల కింద, చీపుర్లు పెట్టే గది పక్కకి చేర్చి, ‘స్త్రీ’ అని బోర్డు రాయమన్నారు. ఉద్యోగం కదా, రాశాను. ఇంటికెళ్లి ఆ సంగతి వదినతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ప్రారంభోత్సవానికి వదినని కూడా పిలిచారు. వస్తూ వస్తూ మెట్ల కింద చూసినట్టుంది, ముఖం గంటు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. డైరెక్టరుగారు కొత్త అస్థిపంజరం భుజం మీద చెయ్యి వేసి, ఛాతీ విరిచి, సమానత్వం మీద ఉపన్యాసం మొదలుపెట్టారు. అందరూ భుజాలు చూస్తున్నారు. వదిన తుంటి చూస్తోంది. చూస్తూండగానే ముఖం విప్పారింది. నా చెవి దగ్గరికి వంగింది.

“ఏమయ్యా, దేన్ని చూసి అచ్చుపోశారో గాని, ఇదీ ఆడమనిషే. లేచి చెప్పెయ్యనా?”

“ఊరుకో వదినా,” అన్నాను. “చెబితే ఈవిణ్ణి కూడా మెట్ల కిందకే పంపుతారు.”