శనివారం పదకొండింటికి దాహం

మాట రాని పిల్ల దొరకడం ఒక బడికి ఎంత అదృష్టమో మీకు తెలుసా? గోల ఉండదు, ప్రశ్న ఉండదు, "మేడమ్, లెక్క తప్పు చేశారు" అనే బాధే లేదు! మన బిలాస్‌పూర్‌లో, మంగ్లా వైపు ఒక ప్రైవేటు బడి ఈ అదృష్టాన్ని గుర్తించింది. దండం పెట్టండి.

తనూజ మాత్రం పెట్టలేదు. ఆవిడ కూతురు నీలవేణికి తొమ్మిదేళ్లు. అన్నీ అర్థమవుతాయి, నోట మాట రాదు. ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే మాట వినిపిస్తుంది. ఆ మాటలన్నీ తనూజ తమ రైల్వే క్వార్టర్‌లో ఫ్యాన్ ఆపుకుని, చెమటలు కక్కుతూ తన గొంతుతో రికార్డు చేసినవే. "దాహమేస్తంది." "కడుపు నొప్పెడతంది." "నాన్నెప్పుడొస్తాడు?"

బడిలో రూలుంది: ఎలక్ట్రానిక్ వస్తువులు నిషేధం. ట్యాబ్ బీరువాలోకి పోయింది. ప్రిన్సిపాల్ మాధవీలత గారు దయామయురాలు కాబట్టి వారానికొక పీరియడ్ మంజూరు చేశారు. శనివారం పదకొండు నుంచి పదకొండూ నలభై దాకా నీలవేణి మాట్లాడుకోవచ్చు!

ఎంత క్రమశిక్షణ! రైళ్లకే టైము లేని రోజుల్లో పిల్ల దాహానికి టైమ్‌టేబుల్! సోమవారం కడుపునొప్పి వస్తే శనివారం దాకా ఓపిక పట్టాలి. మనమో? దాహమేసిన నిమిషానికే నీళ్లడుగుతాం. సిగ్గులేని జన్మలు!

ఆ పిల్లకి "మోస్ట్ డిసిప్లిన్డ్" సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. అది పట్టుకునే తనూజ ఆఫీసు గదిలోకి వెళ్లింది.

"మేడమ్, పిల్ల ఈ వారం రెండుసార్లు గౌను తడుపుకొనొచ్చింది."

"అడిగితే పంపేవాళ్లం కదమ్మా! తను అడగలేదు."

"ఏటెట్టి అడుగుతాది? దాని నోరు మీ బీరువాలో ఉంది!"

"ఒకరికిస్తే రేపు అందరూ తెస్తారు. రూలు అందరికీ ఒకటే."

నిజమే కదా! నన్నడిగితే కళ్లజోళ్లు కూడా లాక్కోవాలి. ఒకడు పెట్టుకుంటే రేపు క్లాసంతా చూడ్డం మొదలెడుతుంది!

సోమవారం తనూజ పిల్లతో పాటు మొగుణ్ణి కూడా ఆఫీసు గదికి వెంటబెట్టుకొచ్చింది. వేణుగోపాల్ లోకో షెడ్డులో ఫిట్టర్. బీరువా తాళంచెవి క్లర్కు దగ్గరుందనీ, క్లర్కు సెలవనీ మాధవీలత గారు సెలవిచ్చారు. తాళం మీద చెయ్యి పడితే పోలీసులొస్తారనీ చెప్పారు.

"అచ్ఛా. తాళం నాకెందుకండీ, మీ తాళం మీకే," అన్నాడు వేణుగోపాల్. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి చెక్క బీరువా మడతబందులు విప్పేశాడు. తలుపు మొత్తం ఊడొచ్చింది. తాళం దానికే భద్రంగా వేలాడుతోంది. చట్టమంటే మనవాళ్లకి అంత గౌరవం!

టీచర్లు మూగారు. నీలవేణి చేతికి ట్యాబ్ వచ్చింది. ఇన్నాళ్లు అణిచిపెట్టిన పిల్ల, ఏం నిప్పులు కురిపిస్తుందో అని మాధవీలత గారు కుర్చీ పట్టుకున్నారు.

పిల్ల ఒక్క బొమ్మ నొక్కింది. తనూజ గొంతు పలికింది.

"బాత్రూంకెల్లాలి."

సంస్థ క్షేమం కోసం బీరువాలో పెట్టి తాళమేసిన మహా ప్రమాదకరమైన మాట, అయ్యలారా, అదీ! నీలవేణి ట్యాబ్ చంకన పెట్టుకుని వరండా వెంట పరుగెత్తింది. ఎవరూ ఆపలేదు. ఆ పూట గౌను తడవలేదు.