మూడు కణుపుల అల

ఒక జిల్లా ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవాలంటే అక్కడి పడవల వెనక లేచే అల ఎత్తు చూడాలని, 2002 ఎండాకాలంలో నిజామాబాద్‌లోని ఒక ఆఫీసు తేల్చి చెప్పింది. ఆఫీసు పేరు జలక్రీడల ప్రోత్సాహక విభాగం. (అప్పటిదాకా ప్రోత్సహించడానికి ఏ క్రీడా దొరకక ఖాళీగా ఉండేది.) పైఅధికారి ఒకరు విదేశాలకు వెళ్లి, పడవకు కట్టిన తాడు పట్టుకుని, పలక మీద నిలబడి, పడవ వెనక లేచే అల మీద ఎగిరే ఆట చూసొచ్చారు. దాన్ని వేక్‌బోర్డింగ్ అంటారట. జిల్లాలో స్పీడు బోట్లు లేవు కాబట్టి ఉన్న చేపల పడవల అలలనే మెరుగుపరచాలని నిర్ణయించారు. తగినంత అల లేవని పడవకు చేపల లైసెన్సు తిరిగి ఇవ్వరాదన్నది ఏడో నిబంధన. అల మీద ఎగిరేవాళ్లెవరన్నది రెండో దశలో చూస్తారు.

ఏడో నిబంధన వచ్చి నందిపేట్ దగ్గర గోదావరిలో చేపలు పట్టే ముత్తన్న నెత్తిన పడింది. ఆయన లైసెన్సు గడువు నెలాఖరుతో అయిపోతుంది. లైసెన్సు లేకపోతే వల వేయరాదు, వల వేయకపోతే ఇల్లు గడవదు. ముత్తన్నకు నిజంగానే భయం పట్టుకుంది. ఎందుకంటే ఆయన పడవ వెనక అల లేవకపోవడం ఏదో పొరపాటున జరిగిన పని కాదు, ముప్పై ఏళ్ల సాధన.

అలల పరిశీలనాధికారి రామకోటేశ్వరరావు జీపు దిగారు. బోధన్ దగ్గర కాలువ కింద చెరకు పండించే కోస్తా కుటుంబం ఆయనది. ప్రామాణిక కొలకర్ర ఇంకా హైదరాబాద్ నుంచి రాలేదని, సొంత తోటలోంచి ఒక చెరకు గడ తెచ్చారు. అల మూడో కణుపు దాకా లేస్తే పాసు. (మధ్యాహ్నం భోజనాల తర్వాత అటెండరు రాజారాం కొలకర్రను నమిలేయడంతో పరీక్ష మర్నాటికి వాయిదా పడింది.)

మర్నాడు ముత్తన్న ఇంజను వేసి అవతలిదాకా పోయి వచ్చాడు. నీళ్ల అంచున పాతిన కొత్త గడకు తడే అంటలేదు.

“ఏవయ్యా, నీ పడవ వెళ్లినట్టు నీళ్లకే తెలియడం లేదు!” అన్నారు రామకోటేశ్వరరావు.

ముత్తన్న అది మెప్పనుకున్నాడు. “మా బాపు నేర్పిండు సార్. నీల్లు మెదిల్తె చేపలు బెదురుతయ్.”

“దాన్నే లోపం అంటారు” అని అధికారి రాసుకున్నారు.

అల పెరగాలంటే పడవ వెనక భాగంలో బరువు పెట్టాలని సర్క్యులర్‌లో ఉంది. ముత్తన్న ఇసుక బస్తాలు తెచ్చాడు. చెల్లవన్నారు. బరువు మీద తూకం ముద్ర ఉండాలి, ఇసుకకు ముద్ర వేసేవాడెవడు? ఆ చుట్టుపక్కల తూకం అచ్చేసి దొరికే బస్తా ఒక్కటే, చక్కెర బస్తా. క్వింటా చొప్పున ఆరు బస్తాలు లారీలో వచ్చాయి.

మొదటి చుట్టులో అల మూడో కణుపును తాకింది. ఒడ్డున చప్పట్లు. రెండో చుట్టుకు రెండో కణుపు దాకా వచ్చింది. మూడో చుట్టుకు ఏమీ లేదు. వెనక భాగం కుంగి పడవలోకి నీళ్లెక్కాయి, ముత్తన్న మునిగిపోతానేమోనని డబ్బాతో పానకం తోడి పోస్తూనే ఉన్నాడు. చివరికి ఆరు గోనె సంచులు మాత్రం ముద్రలు చెదరకుండా మిగిలాయి. ‘బరువు పడవలో లేదు. బయటికి పోయినట్లు కాగితాలూ లేవు’ అని నివేదిక తయారైంది. పడవ ఒడ్డుకు రాగానే చీమలు సొంతంగా తనిఖీ మొదలుపెట్టాయి.

“సక్కెర పోస్తిరి గద, ఇగ యాలకులు గూడ ఎయ్యున్రి” అన్నది ముత్తన్న భార్య పెంటవ్వ. ఈ సలహాను విభాగం పరిశీలనలో ఉంచింది.

ఇప్పుడు నీళ్లలో కరగని, ప్రభుత్వ ముద్ర ఉన్న, పెట్టిన చోటునుంచి కదలని బరువు కావాలి. రామకోటేశ్వరరావు తన ఆఫీసును ఒకసారి కలియజూశారు. దొరికింది. ఎవరు లేకపోయినా ఏ పనీ ఆగదో వారం రోజులు పరిశీలించి ఆరుగురు సిబ్బందిని ఎంపిక చేశారు. (నిజానికి పదకొండుగురు తేలారు. పడవ చిన్నది.) వాళ్లకు ఆస్పత్రిలో తూకం సర్టిఫికెట్లు ఇప్పించి, పడవ వెనక భాగానికి డిప్యుటేషన్ మీద పంపారు.

అల మూడో కణుపు దాటింది. ఒక్కరు కూడా కరగలేదు. ఒడ్డునున్న కొంగలు లేచిపోయాయి. చేపలు ఏ మూలకు పారిపోయాయో ముత్తన్నకు తెలుసు. బాపు గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు. లైసెన్సు దొరుకుతుంది, అదే చాలనుకుని మనసు సర్దుకున్నాడు.

దొరికింది కూడా. నెలాఖరుకు రెండు రోజుల ముందే రామకోటేశ్వరరావు స్వయంగా తెచ్చి చదివి వినిపించారు: “సదరు పడవ అల సంతృప్తికరముగా ఉన్నందున చేపలు పట్టుటకు అనుమతించడమైనది. షరతు: అల ఎత్తు తగ్గకుండుటకు ఆరుగురు సిబ్బంది ఎల్లవేళలా పడవలో ఉండవలెను.”

“సార్, గాల్లందరు కూసుంటె నేను వల యాడ పెట్టాలె?” అన్నాడు ముత్తన్న.

“వలలు మా విభాగం కిందికి రావయ్యా.”

ఆ ఏడాది జిల్లాలో అన్ని నిబంధనలకూ సరిపోయిన జాలరి ముత్తన్న ఒక్కడేనని విభాగం ప్రకటించింది. ఆ సాయంత్రం కూరకు పెంటవ్వ అంగట్లో చేపలు కొనుక్కొచ్చింది.