మొదటి వాక్యం చాలు

ఇకపై ప్రపంచ సాఫ్ట్‌వేర్ రంగం కరీంనగర్ వైపు చూస్తుందని ఎమ్మెల్యే దేవదాస్ గారు ప్రకటించారు. ప్రకటించింది మార్కెట్ వెనుక మరుగుదొడ్ల ప్రారంభోత్సవంలో కాబట్టి జనం ముక్కు మూసుకున్న చేతులు తీసి మరీ చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. గత ఎన్నికల్లో ఆయన వెయ్యి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు తెస్తానన్నారు. మాట తప్పే మనిషి కారు. ఎన్నికలు మళ్ళీ దగ్గర పడ్డాయి గనుక, ఆ వెయ్యిలో కనీసం ఒకటి ఎక్కడుందో వెతకమని కార్యకర్తలను పంపారు.

ఆ ఒకటి వినోద ఇంట్లో దొరికింది.

వినోద కూతురు కోమల ఓ పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో ఉంది. పేరు చెబితే కూర్చున్న చుట్టాలు లేచి నిలబడే కంపెనీ. అయిదు రౌండ్లు. ఒకదానిలో చెట్టును తలకిందులు చేయమన్నారు. కంప్యూటర్ లెక్కల్లో గీసే ఆ చెట్టుకు వేరు పైన, కొమ్మలు కింద ఉంటాయట. ఇంకోదానిలో పది కోట్ల మంది ఒకేసారి బండి బుక్ చేస్తే ఏం చేస్తావన్నారు. తోటి ఉద్యోగితో గొడవపడిన సందర్భం చెప్పమన్నారు. ఉద్యోగమే లేని పిల్లకు తోటి ఉద్యోగి ఎక్కడి నుంచి వస్తాడో వినోదకు తెలియలేదు. కోమల మాత్రం ఎవరితోనో గొడవపడి, చక్కగా రాజీ కూడా పడింది.

ప్రతి రౌండుకూ ముందు లాప్‌టాప్‌ను గది చుట్టూ తిప్పి ఎవరూ లేరని చూపించాలి. ఆ రోజుల్లో వినోద మిక్సీ వేయలేదు, కుక్కర్ పెట్టలేదు. గేటుకు ‘బెల్లు కొట్టవద్దు, ఇంటర్వ్యూ’ అని కాగితం అంటించింది.

ఆ కాగితాన్ని పక్క వీధి కార్యకర్త హనుమండ్లు చదివాడు. తెల్లారేసరికి టవర్ సర్కిల్‌లో ఫ్లెక్సీ లేచింది: ‘ప్రపంచ దిగ్గజ కంపెనీలో కొలువు కొట్టిన మన ఆడబిడ్డ కోమలకు శుభాకాంక్షలు.’ దేవదాస్ గారు నిలువెత్తు నమస్కారంతో ఉన్నారు. కోమల ఆయన మోచేయి కింద స్టాంపంత ఉంది.

“ఫలితమే రాలె గదా హనుమండ్లూ?” అంది వినోద.

“వచ్చినంక ఎవలైనా పెడ్తరక్కా. రాకముందు పెట్టుడే లీడర్‌షిప్.”

రెండు రోజులకు ఎమ్మెల్యే గారే శాలువాతో వచ్చారు. వెంట లోకల్ ఛానల్ కెమెరా. శాలువా భుజం మీద పడుతుండగానే కోమల ఫోన్‌కు మెయిల్ వచ్చింది. చదువుతుంటే పిల్ల ముఖం వాడిపోయింది. హనుమండ్లు ఫోన్ అందుకున్నాడు.

“‘ఇంప్రెస్డ్’ అని ఉన్నది సార్! మన బిడ్డ ప్రతిభ చూసి కంపెనీ ఇంప్రెస్ అయిందట!”

చప్పట్లు మోగాయి.

“దాని తర్వాత ‘హవెవర్’ అని ఉన్నది. అది గూడ చదువు,” అంది వినోద.

“మిగతాది కింద ఉంటదక్కా. కెమెరా నడుస్తున్నది.”

కెమెరా ఆగాక కోమల చెప్పింది, “నన్ను తీసుకోలేదు సార్.”

దేవదాస్ గారు మెయిల్ మొత్తం తెలుగులో చెప్పించుకుని శ్రద్ధగా విన్నారు.

“దీంట్ల ‘లేదు’ అనే మాట ఎక్కడున్నది బిడ్డా?”

“ఎక్కడా లేదు సార్.”

“ఏం కంపెనీ! పింఛన్ల కోసం వచ్చినోళ్ళకు ‘చూస్తా’ అని చెప్పి చెప్పి నాకు ఇన్నేండ్లాయె. దీని ముంగట అది మోటు మాట,” అని నిజంగానే మురిసిపోయారు.

తర్వాత హైదరాబాదు నుంచి ఓ చిన్న కంపెనీ పిలిచింది. కోమల మొదటి రౌండు బాగా చేసింది. ఆఖరి రౌండుకు ముందు హెచ్‌ఆర్ అతను ఫోన్ చేశాడు.

“మాది గూడ కరీంనగరే మేడమ్. టవర్ సర్కిల్ల మీ ఫ్లెక్సీ చూసిన. అంత పెద్ద కంపెనీ ఇడిసి మా దాంట్లకు ఎందుకు వస్తున్నరు?”

“నేను అండ్ల చేరలేదు సార్.”

“మరి ఫ్లెక్సీ?”

“అది ఎమ్మెల్యే గారిది.”

“నేను నమ్ముత. మా మేనేజర్ నమ్మడు. ఫ్లెక్సీ దించినట్టు సోమవారం పొద్దుటికి ఒక ఫోటో పంపుండ్రి, ఆ రోజే ఆఖరి రౌండ్ పెట్టిస్త. లేకుంటే వేరేవాళ్ళను చూసుకుంటరు.”

ఫ్లెక్సీ దించమని అడగడానికి వినోద ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు వెళ్ళింది.

“దించితే మీ పరువు పోతది చెల్లె,” అన్నారు దేవదాస్ గారు.

“ఉంచితే ఉద్యోగం పోతదన్నా.”

“ఇంక ఏం ఉద్యోగం? వచ్చిందని నేనే చెప్పిన గదా! ఆ వెయ్యి కొలువులల్ల అదొక్కటే ఉన్నది. అది గూడ దించితే నేను ఏం మొఖం పెట్టుకొని తిరగాలె? ఎలక్షన్లు అయిపోనియ్, దించేటప్పుడు నిచ్చెన నేనే పట్టుకుంట.”

ఆ వారమే పార్టీ అధిష్ఠానం ఆధునికమైంది. ఈసారి టికెట్లు ఆన్‌లైన్ ఇంటర్వ్యూతో ఇస్తామంది. గదిలో రెండో మనిషి ఉండకూడదట. చుట్టూ మనుషులు లేని గది దేవదాస్ గారికి ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. వినోద ఇంటికొచ్చారు.

“ఆ బెల్లు కాగితం జర మళ్ళ అంటియ్ చెల్లె.”

వినోద అంటించింది. కుక్కర్ దించేసింది. తలుపు అవతల నుంచి అంతా వినిపించింది. మీ వైఫల్యం ఒకటి చెప్పమంటే, లేదన్నారు. తోటి నాయకుడితో గొడవపడిన సందర్భం చెప్పమంటే, సమయం అయిపోయే వరకూ చెబుతూనే ఉన్నారు.

ఆదివారం ఆయన ఫోన్ పట్టుకుని మళ్ళీ వచ్చారు. “పార్టోళ్ళు మెయిల్ ఇంగ్లీషుల ఏసిండ్రు. చదువు బిడ్డా.”

కోమల మనసులో చివరిదాకా చదివి, తల్లి వైపు చూసింది.

“మీ ప్రజాసేవకు ఎంతో ఇంప్రెస్ అయ్యాం అని ఉంది సార్.”

హనుమండ్లు సంచిలోంచి శాలువా తీశాడు.

“తర్వాత ‘హవెవర్’ అని ఉంది. చదవాలా సార్?”

“అది అందరికి పెడ్తరు బిడ్డా,” అన్నారు దేవదాస్ గారు తడిసిన కళ్ళు తుడుచుకుంటూ. “మొన్న నీకు గూడ పెట్టిండ్రు గదా.”

సాయంత్రం హనుమండ్లు ఫోన్ చేశాడు. “అక్కా, ఏమనుకోకు. టికెట్ వచ్చినందుకు సార్‌ది పెద్ద ఫ్లెక్సీ కొట్టిచ్చినం. టవర్ సర్కిల్ల జాగ లేదు. మీ బిడ్డది దించుతున్నం.”

“నేనేమనుకోను. సార్‌ది ఎక్కియ్యక ముందు జర ఒక ఫోటో తీసి పంపు,” అంది వినోద.

సోమవారం ఆమె కుక్కర్ పెట్టలేదు. టవర్ సర్కిల్ వైపు నుంచి పటాకుల మోత వస్తుంటే, ఒక్కొక్కటిగా కిటికీలు మూసింది.