కాస్త తప్పు చెప్పండర్రా

ఆ రోజు పొద్దున లెక్కల టీచరమ్మ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. రెండో పీరియడుకు గైడు మేడం వస్తుంది. వెనక బెంచీలో కూర్చుని పాఠం చూసి మార్కులు వేస్తుంది. దాంతో లెక్కల బోధన మీద తను చేస్తున్న ఎమ్మెస్సీ గట్టెక్కుతుంది, సాయంత్రానికి వంటిల్లు మళ్ళీ తన చేతికొస్తుంది. ఈ చివరి ముక్క కోసం ఆవిడకన్నా భర్తే ఎక్కువ ఎదురుచూస్తున్నాడు. భార్య చదువు మొదలైన నాటినుంచి పొయ్యి దగ్గర నిలబడుతున్నది ఆయనే. ఆయనకు వచ్చిందల్లా బంగాళదుంపలు వేయించడం.

"ఇవాళ్టితో అయిపోతుంది కదూ?" అన్నాడు, ఆశగా.

"ఇవాళ్టితో సరి. రాత్రికి గరిటె నాకిచ్చేయండి."

చిక్కల్లా ఒకటే. పిల్లలు ఎలా తప్పు చేస్తారో, టీచరు ఎలా దిద్దుతుందో గైడు కళ్ళారా చూడాలట. ఈవిడ క్లాసులో పిల్లలు తప్పు చెప్పరు. చెప్పే గుండె ధైర్యం ఎవరికుంది గనక? తెలిసినవాళ్ళు చేయెత్తుతారు, తెలియనివాళ్ళు బల్ల కిందకి చూస్తారు. అందుకని టీచరమ్మ వారం రోజులు కూర్చోబెట్టి తప్పులు నేర్పింది. సగానికి మూడోవంతు కలిపితే ఎంత అని అడగగానే ముందు బెంచీ పిల్ల పైవీ పైవీ, కిందవీ కిందవీ కలిపేసి ఐదింట రెండు అనాలి. ఎన్నడూ తప్పు చెప్పి ఎరగని ఆ పిల్లకు ప్రాణం మీదకి వచ్చింది. పోనీ మెల్లగా చెప్పనా అని బతిమాలింది.

మొదటి పీరియడు కూడా లెక్కలే. అది మొదలైన కాసేపటికే హెడ్‌మిస్ట్రెస్ ఒక కళ్ళజోడు మేడాన్ని తెచ్చి వెనక కూర్చోబెట్టి వెళ్ళిపోయింది. టీచరమ్మ గైడు గొంతు ఫోనులో వినడమే తప్ప మొహం ఎరగదు. ముందుగానే వచ్చేసిందనుకుని పిల్లలకు కనుసైగ చేసింది. పాపం, వచ్చింది బడుల తనిఖీ అధికారిణి. చెప్పాపెట్టకుండా ఊడిపడేసరికి, పరువు నిలబెట్టే క్లాసు ఇదొక్కటేనని హెడ్‌మిస్ట్రెస్ నేరుగా ఇక్కడికే తీసుకొచ్చింది.

ముందు బెంచీ పిల్ల కళ్ళు మూసుకుని ఐదింట రెండు అనేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. పాత్ర దక్కనివాళ్ళకు కడుపు మండింది. ఒకడు లేచి ఐదింట ఏడన్నాడు. కిటికీ పక్కవాడు అడక్కపోయినా త్రిభుజానికి నాలుగు భుజాలన్నాడు. ఇంకొకతె, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని ముందు బెంచీ పిల్ల మీద విరుచుకుపడింది. చివరికి ఎలాగో కొట్టుకుని ఆరింట ఐదు దగ్గర తేలారు. టీచరమ్మ మొహం వెలిగిపోయింది. వరండాలోంచి విన్న హెడ్‌మిస్ట్రెస్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

కళ్ళజోడు మేడం ఏదో రాసుకుంటూ బయటికి వెళ్ళగానే హెడ్‌మిస్ట్రెస్ లోపలికొచ్చింది. ఇంకొక్క తప్పు వినపడితే ఆటల పీరియడు ఉండదని పిల్లలకు చెప్పి, ఆవిడెవరో టీచరమ్మ చెవిన వేసి పోయింది. టీచరమ్మ ఇంకా తేరుకోకముందే గుమ్మంలో ఫోనులో విన్న గొంతు వినపడింది, ఆలస్యమైంది ఏమీ అనుకోవద్దంటూ. అది అసలు గైడు.

పాఠం మళ్ళీ మొదలైంది. సగానికి మూడోవంతు కలిపితే ఎంత? ఆరింట ఐదు, అంది క్లాసు ముక్తకంఠంతో. ఏ లెక్క అడిగినా సరైన జవాబే. టీచరమ్మ ముందు బెంచీ మీదకి వంగి, "కాస్త తప్పు చెప్పవే తల్లీ," అంది గుసగుసగా.

"ఆటలు పోతాయి టీచర్," అంది ఆ పిల్ల, కన్నీళ్ళతో.

గైడు కాగితాలు సర్దుకుంది. "దిద్దడానికి ఏమీ లేనప్పుడు నేనేం చూసి మార్కులు వేయనమ్మా? వచ్చే ఏడాది మళ్ళీ చూద్దాం."

ఆఫీసు గదిలోంచి పిలుపొచ్చింది. ఉద్యోగం కూడా ఊడినట్టేననుకుంటూ వెళ్ళింది. అధికారిణి లేచి చేయి పట్టుకుంది. తను చూసిన ప్రతి బడిలోనూ పిల్లలు బిగుసుకుపోయి కూర్చుంటారట. భయం లేకుండా తప్పు చెప్పి, వాదించుకుని, దిద్దుకున్న పిల్లల్ని ఇన్నాళ్ళకు చూసిందట.

"మిగతా టీచర్లందరికీ మీరే శిక్షణ ఇవ్వాలి. ఎమ్మెస్సీ ఉన్నట్టేగా?"

"పొద్దున ఇంట్లో బయల్దేరినప్పుడు ఉన్నట్టేనండీ," అంది టీచరమ్మ, ఏడవలేక నవ్వుతూ.

సాయంత్రం భర్త గరిటె తుడిచి సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు. కథంతా విన్నాడు. తర్వాత బంగాళదుంపల బుట్ట ముందుకు లాక్కున్నాడు.

"అయితే సగానికి మూడోవంతు కలిపితే," అన్నాడు చెక్కు తీస్తూ, "ఇంకో ఏడాది."