బ్రేకు పాసైన వేను

ఆ పొద్దున సోంబరు వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. తన వేనును అరకులో బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించాలి, ఏడాదికోసారి ఇచ్చే ఫిట్‌నెస్ కాయితం పుచ్చుకోవాలి, ఇంటికొచ్చి తల్లి యర్రమ్మను విశాఖ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఆ కాయితానికి గడువు దాటిందని కిందటి వారమే చెక్‌పోస్టులో ఒక పోలీసు ఆ తల్లీకొడుకులను వెనక్కి తిప్పేశాడు. అప్పటినుంచి ముసలామెకు ఆయాసం ముదిరింది. బ్రేకు పరీక్షకని పోయే బండిని మాత్రం ఎవరూ ఆపరు.

చిక్కల్లా సీట్లతోనే. హుకుంపేట సంతకు తిరిగే ఏ వేనులోనూ సీట్లు ఉండవు. పీకేస్తేనే గదా జనమూ అల్లం బస్తాలూ కోళ్ళూ పట్టేది! పీకిన సీట్లు ఊళ్ళో తలా ఒకచోట కాపురం పెట్టాయి. అవి లేకపోతే ఇన్‌స్పెక్టరు బండి ముఖం కూడా చూడడు.

మొదటిది చర్చిలో ఉంది. దాని మీద పాస్టరు ఫల్గుణ ఉన్నాడు.

"సీటు అట్టుకెల్లి ఏటి సేత్తావు? బండి అమ్మేత్తన్నావేటి?"

"లేదయ్యగారూ, బ్రేకుకి."

"పోయినేడు బుధు కూడా ఇలాగే సీట్లు బిగించి బ్రేకుకని ఎల్లాడు. అమ్మేసి నడిసొచ్చాడు."

నిజమే. సంతకు తిరిగే వేను పరీక్షకు వెళ్ళి ఏదో ఒక వంకతో వెనక్కి తన్నించుకు రాని ఏడాది లేదు. విసిగిపోయిన బుధు తన బండిని పరీక్షకు పోయిన చోటే అమ్మి వదిలించుకున్నాడు. ఊరికి మిగిలిన వేను ఇదొక్కటే. సోంబరు తొందరలో జవాబు చెప్పకుండా సీటు ఎత్తుకుపోయాడు. టీకొట్టులోని రెండో సీటు బిగించేసరికి, బండి అమ్మేస్తున్నాడని ఊరంతా గుప్పుమంది. అమ్మనిచ్చేది లేదని ఆడామగా వచ్చి వేనులోకి ఎక్కి కూర్చున్నారు.

మూడో సీటు మీద యర్రమ్మే పడుకుని ఉంది. కదిలిస్తే ఊపిరి అందడం లేదు. సీటుతో సహా ఆమెను ఎత్తి వెనకాల పెట్టారు.

"ఇదే మంచిది. కాయితం రాగానే అటునుంచి అటే ఆసుపత్రికి ఎల్లిపోదాం" అంది సోంబరు భార్య చిన్నమ్మలు.

అరకులో ఇన్‌స్పెక్టరు, "అందర్నీ దింపు, ఖాళీ బండి చూడాలి" అన్నాడు.

"దిగితే బండి తోలుకుపోయి అమ్మేత్తాడు. మేం దిగం!" అన్నాడు ఫల్గుణ.

ఇదేదో ధర్నా అనుకున్న ఇన్‌స్పెక్టరు, వేనును వరుసలో అందరికంటే వెనక్కి నెట్టేశాడు. సోంబరు ఆయన కాళ్ళు పట్టుకున్నాడు, వీళ్ళ గడ్డాలు పట్టుకున్నాడు. "బేగి దిగండర్రా, మాయమ్మ..." అంటున్నా వినేవాడు లేడు. అందరూ ఊరిని కాపాడే పనిలో ఉన్నారు. మధ్యాహ్నం దాటిపోయింది.

చివరికి ఇన్‌స్పెక్టరుకే విసుగెత్తింది. తానే ఎక్కి మైదానంలో జోరుగా తోలి బ్రేకు తొక్కాడు. జనమంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. వేను మాత్రం గీత గీసినట్టు ఆగిపోయింది.

"ఇంతమందితో ఆగిందంటే ఇంకేం చూడాలయ్యా!" అంటూ సంతకం పెట్టేశాడు.

బండి అమ్మకానికి రాలేదని అప్పుడు నమ్మారు. సిగ్గుపడుతూ, నవ్వుకుంటూ దిగారు. ఫల్గుణ అయితే చప్పట్లు కూడా కొట్టాడు.

"అత్తా, కాయితం వచ్చీసింది, లెగు" అని చిన్నమ్మలు యర్రమ్మ భుజం తట్టింది. ఇంకోసారి తట్టింది. తరవాత సోంబరు చెయ్యి పట్టుకుని నేల మీద కూలబడింది.

సోంబరు ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే వాళ్ళకు కాస్త తేలికగా ఉండేది. స్టీరింగు మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, ఆపైన బండిని ఇంటివైపు తిప్పాడు. ఫల్గుణతో సహా అందరూ వేను వెనక నడిచారు.

చెక్‌పోస్టులో ఆ పోలీసే చెయ్యి ఎత్తాడు. కాయితాన్ని వెలుతురులో పెట్టి చూసి, సంతోషంగా తిరిగి ఇచ్చాడు.

"ఇంకేటి భయం! ఏడాది దాకా నిన్నెవడూ ఆపడు."